విల్లుకి దారం కట్టేముందు

రాముడి బాణం పని పూర్తి చేసుకుని మళ్లీ అమ్ములపొదిలోకి వచ్చి చేరేదని మా నానమ్మ చెప్పేది. మా బావ బాణం కూడా తిరిగొస్తుంది. కాకపోతే దానికి దారం కట్టాలి, విల్లుకి రీలు బిగించాలి, హ్యాండిల్ తిప్పుతూ లాక్కోవాలి. చివర్లో చేప ఉంటే అదృష్టం, నాచు ఉంటే మామూలు.

ఒకసారి మాత్రం రీలు తిప్పకుండానే తిరిగొచ్చింది. అదీ బావ చెవి పక్కనుంచి. తప్పు నాదే. ఆ సంగతి సగంలో చెప్తాను, ఎందుకంటే ముందు విల్లు, దారం, బాణం ఎలా కలిసి పనిచేస్తాయో తెలిస్తేనే నేను చేసిన పని ఎంత తెలివితక్కువదో అర్థమవుతుంది.

పోయిన మే నెల సెలవుల్లో అమ్మతో కలిసి అమెరికాలో ఉన్న అక్క వాళ్లింటికి వెళ్లాను. వాళ్లది ఇల్లినాయ్ రాష్ట్రం, పియోరియా అనే ఊరు. ఇల్లినాయ్ నది ఆ ఊరి దగ్గర బాగా వెడల్పై పెద్ద చెరువులా పరుచుకుంటుంది. దాన్ని పియోరియా లేక్ అనే పిలుస్తారు. బావ ఆదివారాలు అక్కడ విల్లుతో చేపలు కొడతారు. దీని పేరు బోఫిషింగ్. చాలామంది కప్పీలు, తీగలు ఉండే కాంపౌండ్ విల్లు వాడతారు. బావది పాత పద్ధతి విల్లు, రికర్వ్ రకం. ఒక వంపు కర్ర, ఒక అల్లెతాడు, అంతే. (అల్లెతాడు అంటే విల్లుకి కట్టే తాడు. నేనూ మొన్నటిదాకా స్ట్రింగ్ అనే అనేదాన్ని. మా సీఎస్ వాళ్లకి స్ట్రింగ్ అంటే ఇంకోటి కాబట్టి ఈ వ్యాసంలో అల్లెతాడు అనే రాస్తున్నా.)

ఒక మామూలు రికర్వ్ విల్లుని చేపల వేటకి ఎలా సిద్ధం చేస్తారు, అందులో ప్రతి ముక్కా ఎందుకు అలా ఉంటుంది అన్నదే ఈ వ్యాసం.

అసలు చేపల్ని ఎందుకు కొడుతున్నారు?

ఈ డౌట్ నాకూ వచ్చింది. గాలం వేసి పట్టొచ్చు కదా, వల వేయొచ్చు కదా అని.

సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ కార్ప్ అనే చేపలు ఆసియావి. చెరువుల నీళ్లు శుభ్రం చేస్తాయని 1970లలో అమెరికా తీసుకెళ్లారు. అవి చెరువుల్లోంచి తప్పించుకుని మిసిసిపీ నదిలో పడి, దాని ఉపనది అయిన ఇల్లినాయ్‌లోకి ఎక్కేశాయి. ఇవి తినేది నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని, కాబట్టి గాలానికి ఎర వేస్తే దాదాపు పట్టించుకోవు. సిల్వర్ కార్ప్‌కి ఇంకో అలవాటు ఉంది. పడవ మోటారు శబ్దం వినగానే గాల్లోకి ఎగురుతాయి. వీడియోల్లో నవ్వొస్తుంది. పక్కన నిలబడి ఉంటే నవ్వు రాదు, ఎందుకంటే నాలుగైదు కిలోల చేప మొహానికి తగిలితే పళ్లు రాలతాయి.

వీటికంటే ముందే, 19వ శతాబ్దం చివర్లో, అక్కడి ప్రభుత్వమే తెచ్చి పెంచిన ఇంకో చేప కామన్ కార్ప్. మన గోదావరి జిల్లాల్లో బంగారు తీగ అంటారే, అదే. అది అడుగున ఉన్న మట్టిని తవ్వి నీటిని బురద చేస్తుంది. బయటి నుంచి వచ్చి స్థానిక చేపల తిండి లాక్కుంటున్న ఇలాంటి వాటిని బాణంతో కొట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. లైసెన్సు మాత్రం తప్పనిసరి. నాకూ కొద్దిరోజులకి సరిపడే లైసెన్సు తీసుకున్నాం. బాస్ లాంటి గేమ్ ఫిష్‌ని బాణంతో కొడితే నేరం.

ముందు విల్లు

బావ విల్లు 62 అంగుళాలది. మూడు ముక్కలుగా విడిపోతుంది. మధ్యలో చెక్క పిడి, దానికి పైనా కిందా రెండు రెక్కలు. విల్లు మీద "28 అంగుళాల దగ్గర 40 పౌండ్లు" అని రాసి ఉంటుంది. అంటే అల్లెతాడుని 28 అంగుళాల దాకా లాగితే మన వేళ్ల మీద 40 పౌండ్ల బరువు పడుతుంది. నా చెయ్యి పొట్టిది, 25 అంగుళాలు లాగేసరికే అయిపోతుంది. ఒక్కో అంగుళం తగ్గితే రెండు, రెండున్నర పౌండ్లు తగ్గుతుంది. కాబట్టి నాకు పడేది 33, 34 పౌండ్లే.

"ఇది చాలుతుందా బావా?" అనడిగితే, "రెండడుగుల నీళ్లలో చేపకి ఎక్కువేనమ్మా. నువ్వు రోజంతా ఎన్నిసార్లు లాగాలో ఆలోచించు," అన్నారు. నిజమే. జింక వేటలో రోజుకి ఒక్క బాణం వేస్తే గొప్ప. ఇక్కడ గంటకి ఇరవై, ముప్పై వేస్తాం, వాటిలో చాలావరకు తప్పుతాయి. 35 నుంచి 50 పౌండ్ల మధ్య ఉన్న విల్లు సరిపోతుంది.

రికర్వ్‌కి ఇక్కడ ఒక లాభం ఉంది. చేప రెండు సెకన్లు కనిపించి మాయమవుతుంది. కాంపౌండ్ విల్లుని పూర్తిగా లాగి, కప్పీ తిరిగి, బరువు తగ్గాక గురి చూడాలి. రికర్వ్‌తో సగం లాగి కూడా వదిలేయొచ్చు. చూపు, చెయ్యి, వదలడం, మూడూ ఒకే కదలిక.

మామూలు విల్లుకి చేపల కోసం చేయాల్సిన మార్పులు నాలుగు.

ఒకటి, బాణం ఆనే చోటు. సాధారణంగా పిడి పక్కన చిన్న మెట్టు మీద ఒక బొచ్చు ముక్క అంటించి, దాని మీద బాణం పెడతారు. నీళ్లు తగిలితే ఆ బొచ్చు ముద్దైపోతుంది. పైగా చేపల వేటలో విల్లుని కిందికి వంచి పట్టుకోవాలి, బాణం బరువుకి జారి పడిపోతుంది. అందుకే బొచ్చు పీకేసి గట్టి ప్లాస్టిక్‌దో, చిన్న రోలర్లు ఉన్నదో, బాణాన్ని కాస్త పట్టి ఉంచే ఆనిక పెడతారు.

రెండు, వేళ్లు. విలుకాళ్లు వేళ్లకి తోలు తొడుగు వేసుకుంటారు. తోలు తడిస్తే ఉబ్బుతుంది, జారుతుంది. దాని బదులు అల్లెతాడుకే రెండు మెత్తటి రబ్బరు గొట్టాలు ఎక్కిస్తారు. బాణం గాడి పైన ఒకటి, కింద ఒకటి. వేళ్లు వాటి మీద పడతాయి. చేప జిగురుతో చేతులు పాడైనా ఇబ్బంది లేదు.

మూడు, అల్లెతాడు. పాత విల్లులకి కొద్దిగా సాగే డాక్రాన్ తాడే మంచిది. అసలు సాగని కొత్తరకం తాళ్లు పాత విల్లు కొసల్ని చీల్చేస్తాయి. నీళ్లలో తడుస్తుంది కాబట్టి తాడుకి మైనం ఎక్కువసార్లు పట్టించాలి.

నాలుగు, రీలు. అసలు కథంతా ఇక్కడే.

రీలు, దారం

ఈమధ్య తయారయ్యే చాలా రికర్వ్ విల్లులకి పిడి ముందువైపు ఒక ఇత్తడి మర రంధ్రం ఉంటుంది. విల్లు ఊగకుండా స్టెబిలైజర్ అనే కడ్డీ బిగించడానికి దాన్ని పెడతారు. ఆ మర కొలత అన్ని కంపెనీలకీ ఒకటే, 5/16 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. యూఎస్‌బీ పోర్ట్ లాగా అన్నమాట. బోఫిషింగ్ రీలు కూర్చునే సీటు కూడా అదే మరలో బిగుస్తుంది. రంధ్రం లేని పాత విల్లు అయితే? డ్రిల్ తీసుకుని మొదలుపెట్టకండి. చెక్క విల్లుకి ఎక్కడ పడితే అక్కడ రంధ్రం చేస్తే, లాగినప్పుడు అక్కడే విరగొచ్చు. పిడి కింద రబ్బరు ముక్క చుట్టి (సైకిల్ ట్యూబు ముక్క చాలు) దాని మీద టేపుతో రీలు సీటుని గట్టిగా కట్టేస్తారు.

రీళ్లు మూడు రకాలు.

అన్నిటికంటే పాతది డ్రమ్ము. ఒక గుండ్రటి డబ్బా లాంటిది. దారాన్ని చేత్తో దాని చుట్టూ చుట్టాలి, బాణం వెళ్తుంటే ముందువైపు నుంచి ఊడుతూ పోతుంది. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. ప్రతిసారీ దారం చేత్తో లాగి మళ్లీ చుట్టాలి కాబట్టి ఓపిక కావాలి.

రెండోది సీసా రీలు. దారం చుట్టుకోదు, ఒక ప్లాస్టిక్ సీసాలో వదులుగా పడి ఉంటుంది. దానికి బ్రేకు లేదు, బటన్ లేదు. మర్చిపోవడానికి ఏమీ లేదు కాబట్టి కొత్తవాళ్లకి ఇదే మంచిదంటారు.

మూడోది బటన్ రీలు. మామూలు గాలం కర్రకి ఉండేదే, కొంచెం బలమైనది. వేగంగా చుట్టుకుంటుంది. కానీ బాణం వదిలేముందు బటన్ నొక్కి దారాన్ని ఫ్రీ చేయాలి. మర్చిపోతే దారం కదలదు. బాణం మాత్రం కదులుతుంది. బావది ఈ రకం.

దారం మన దగ్గర గాలానికి కట్టే తంగూసు కాదు. తంగూసు సాగుతుంది. సాగేదాన్ని బాణానికి కడితే అది రబ్బరు ఉండేలే. దీనికి వాడేది అల్లిన దారం, రీలుని బట్టి 80 నుంచి 200 పౌండ్ల దాకా లాగుడు తట్టుకునేది. పచ్చగా మెరిసే రంగులో ఉంటుంది, ఎటు పోతోందో కనపడాలి కదా. ఇది తెగదు. అది మంచి విషయమే, కానీ చేతికి చుట్టుకున్నా తెగదు. కాబట్టి పెద్ద చేప లాగుతున్నప్పుడు దారాన్ని అరచేతికి చుట్టుకోకూడదు.

బాణం

చేపల బాణం చూడగానే నాకు అది బాణంలా అనిపించలేదు. ఈకలు లేవు. ఫైబర్‌గ్లాస్ కడ్డీ, 5/16 అంగుళం మందం, 32 అంగుళాల పొడవు, లోపల బోలు లేకుండా ఘనంగా ఉంటుంది. ములికితో కలిపి 80 నుంచి 100 గ్రాములు. మామూలు టార్గెట్ బాణం ఇందులో మూడో వంతు కూడా ఉండదు.

ఇంత బరువు ఎందుకంటే, నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. తేలికైన బాణం నీటిని తాకగానే వేగం మొత్తం పోగొట్టుకుంటుంది. బరువైనది నెమ్మదిగా బయల్దేరినా ద్రవ్యవేగం నిలుపుకుని లోపలికి దిగుతుంది. మెకానిక్స్ క్లాసులో నిద్రపోయిన విషయమే. ఈకలు ఎందుకు లేవంటే, మనం కొట్టేది ఐదారు మీటర్ల దూరం. అంత దగ్గరికి గాల్లో స్థిరపడటానికి ఈకలు అక్కర్లేదు. నీళ్లలో అవి బాణాన్ని పక్కకి తిప్పేస్తాయి కూడా.

ములికికి రెండు ముళ్లు ఉంటాయి, గాలం ముల్లు లాగే. లోపలికి పోయేటప్పుడు మూసుకుని, వెనక్కి లాగితే తెరుచుకుంటాయి. చేపని తీయాలంటే కొసని రెండు చుట్లు వదులు చేస్తే ముళ్లు ముందుకి తిరుగుతాయి, బాణం వెనక్కి వచ్చేస్తుంది.

చిన్న ప్లాస్టిక్ ముక్క

ఇప్పుడు ప్రశ్న. దారాన్ని బాణానికి ఎక్కడ కట్టాలి?

లాజిక్ ప్రకారం వెనక కట్టాలి. ముందు కడితే బాణం తిరగబడుతుంది. బాణం వెనక భాగంలో ఒక రంధ్రం కూడా ఉంటుంది. అందులో దూర్చి కట్టేస్తే పని అయిపోతుంది. చాలా ఏళ్లు అందరూ అలాగే కట్టారు.

చిక్కేంటంటే, బాణం వెనక భాగం అల్లెతాడు దగ్గర ఉంటుంది. రీలు విల్లుకి ముందు ఉంటుంది. అంటే దారం రీలు నుంచి బయల్దేరి, పిడి పక్కనుంచి, లాగిన అల్లెతాడు దాకా వెనక్కి వచ్చి, అక్కడ వేలాడుతూ ఉంటుంది. వదిలిన క్షణంలో అల్లెతాడు ఆ వేలాడే దారం మీదుగానే దూసుకుపోతుంది. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు. మిగిలిన ఒక్కసారి దారం అల్లెతాడుకో, విల్లు కొసకో, మన చేతి గడియారానికో చుట్టుకుంటుంది. బాణం రెండు మీటర్లు వెళ్లి ఠక్కున ఆగుతుంది. ఆగిన బాణం శక్తి ఎక్కడికి పోవాలి? దారంలోకి. దారం దాన్ని తిరిగి ఇచ్చేస్తుంది, వేసినవాళ్ల వైపుకే.

దీనికి పరిష్కారం ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క, సేఫ్టీ స్లైడ్. బాణం కడ్డీ మీద పూసలా అటూఇటూ జారుతుంది. దారం కట్టేది బాణానికి కాదు, ఈ స్లైడ్‌కి. బాణం వెనక రంధ్రంలో ఒక బోల్టు, రబ్బరు అడ్డం బిగిస్తారు, స్లైడ్ అక్కడ ఆగుతుంది. బాణం ఎక్కించి లాగేముందు స్లైడ్‌ని విల్లుకి ముందువైపుకి జరిపి పెట్టాలి. అప్పుడు దారం రీలు నుంచి స్లైడ్ దాకా మొత్తం విల్లు ముందే ఉంటుంది. అల్లెతాడు ఉన్న వైపుకి రానే రాదు. బాణం వదిలితే కడ్డీ స్లైడ్‌లోంచి జారుతూ ముందుకి వెళ్తుంది, చివర్లో అడ్డం తగిలి స్లైడ్‌ని వెంట తీసుకుపోతుంది. దారం బాణం వెనకే సాగుతుంది. ఎంత సింపుల్ డిజైనో చూడండి. చేయకూడని తప్పుని మనం గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా, చేయడానికే వీల్లేకుండా చేసింది.

నేను చేసేదాకా.

రెండో ఆదివారం ముందు రాత్రి బాణాలు సర్దుతుంటే ఒకదాని స్లైడ్ పగిలిపోయి కనిపించింది. బావ అప్పటికే పడుకున్నారు. ఏముందిలే అని నేనే స్లైడ్, బోల్టు తీసేసి, దారాన్ని సరాసరి వెనక రంధ్రానికి కట్టేశా. ముడి కూడా చాలా అందంగా వచ్చింది. ఉపయోగం కనపడని కోడ్ లైన్‌ని డిలీట్ చేసి, ప్రోగ్రామ్ ఇంకా రన్ అవుతోందని సంతోషపడే రకం నేను. పొద్దున బావకి చెప్పడం మర్చిపోయా. మర్చిపోయా అని ఇంట్లో చెప్పాను. నిజానికి చెప్తే తిడతారేమో అని ఊరుకున్నా.

పడవ అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవ. నేను ముందు, బావ నా వెనక కొంచెం ఎడమగా నిలబడ్డారు. ఒడ్డు దగ్గర గడ్డిలో బంగారు తీగలు గుడ్లు పెట్టడానికి వచ్చి తోకలు కొడుతున్నాయి. బటన్ నొక్కాను. లాగాను. వదిలాను.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. వెనక పడవ రేకుకి ఏదో తగిలి ఠంగుమన్న శబ్దం మాత్రం విన్నా. తిరిగి చూస్తే బాణం పడవలో ఉంది. దారం అల్లెతాడుకి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. బావ ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని ఉన్నారు. రక్తం లేదు, తగల్లేదు. గాలి తగిలిందట.

ఆయన అరవలేదు. కూర్చున్నారు. బాణం తీసి వెనక రంధ్రం, నా అందమైన ముడి చూశారు. "ఇది ఎప్పుడు కట్టావ్?" అన్నారు. చెప్పాను. "పగిలిందని చెప్తే ఇవాళ రెండు బాణాలతోనే వెళ్లేవాళ్లం కదమ్మా," అన్నారు. అంతే. నేను ఏడుపు ఆపుకోవడానికి నీళ్లలోకి చూస్తూ కూర్చున్నా. ఆరోజు ఇంకో బాణం వేయలేదు.

ఇంటికొచ్చాక మొత్తం దారం విప్పించి, కొత్త స్లైడ్‌తో మూడుసార్లు నాతోనే కట్టించారు. బాణం తోకలో అల్లెతాడు పట్టే గాడి ముక్క తీసేయాలి. స్లైడ్‌ని విడిగా పట్టుకుని దారాన్ని జంటగా మడిచి దాని కంట్లోంచి దూర్చాలి, ముడివేసి, ఆ ఉచ్చుని స్లైడ్ మీదుగా తిప్పి, తడిపి బిగించాలి. దీన్ని పాలోమార్ ముడి అంటారు, అల్లిన దారానికి ఇది జారదు. తర్వాత స్లైడ్‌ని కడ్డీకి ఎక్కించాలి, అడ్డం, బోల్టు బిగించాలి, చివర గాడి ముక్క పెట్టాలి. అప్పుడు బాణాన్ని నిలువుగా పట్టుకుని తిరగేస్తే స్లైడ్ తనంతట తనే జారాలి. ఎక్కడైనా ఆగితే ఆ బాణం ఆరోజుకి ఇంట్లోనే.

పడవలో ప్రతి బాణానికీ ముందు మూడు మాటలు పైకి అనాలి: "స్లైడ్ ముందు. బటన్ ఫ్రీ. దారం ఖాళీ." దారం ఖాళీ అంటే చేతికి, గడియారానికి, కళ్లద్దాల తాడుకి, హుడీ తాళ్లకి ఎక్కడా తగలట్లేదని. మొదట్లో సిగ్గేసింది, తర్వాత అలవాటైంది. బాణం లేకుండా ఉత్త అల్లెతాడు లాగి వదలకూడదు, అది విల్లుని విరగ్గొడుతుంది.

చేప అక్కడ లేదు

అన్నీ సరిగ్గా కట్టాక కూడా నేను వరసగా పద్దెనిమిది బాణాలు తప్పాను. అన్నీ చేప పైనుంచే పోయాయి.

కారణం మనందరికీ తెలుసు, వక్రీభవనం. నీటి వక్రీభవన గుణకం 1.33. నిలువుగా పైనుంచి చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగుల్లా కనిపిస్తుందని చదువుకున్నాం. కానీ పడవలో మనం నిలువుగా చూడం, ఏటవాలుగా చూస్తాం. అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. ఆ రాత్రి పైథాన్‌లో స్నెల్ సూత్రం రాసి లెక్క కట్టా. నా కళ్లు నీటికి 2 మీటర్ల ఎత్తులో, చేప 4 మీటర్ల దూరంలో, 60 సెంటీమీటర్ల లోతులో ఉందనుకుంటే, కనిపించిన చోటికి గురిపెట్టిన బాణం చేప దగ్గరికి వచ్చేసరికి 30 సెంటీమీటర్ల లోతులోనే ఉంటుంది. అంటే చేపకి ఒక అడుగు పైనుంచి పోతుంది. నేను తప్పడం కాదు, సరిగ్గా గురి చూడటం వల్లే తగల్లేదు.

అక్కడివాళ్లకి దీనికో మోటు లెక్క ఉంది. పదడుగుల దూరంలో అడుగు లోతులో చేప ఉంటే నాలుగంగుళాలు కిందికి కొట్టు. దూరం రెట్టింపైతే అదీ రెట్టింపు, లోతు రెట్టింపైనా అంతే. నా పై లెక్కకి ఇది వాడితే దాదాపు 26 సెంటీమీటర్లు వస్తుంది. నా ప్రోగ్రామ్ 30 అంటోంది. పెన్ను ముట్టకుండా పడవలో కనిపెట్టిన సూత్రానికి ఇది చాలా దగ్గర. బావ మాటల్లో అయితే, "ఎక్కడ కొట్టాలనిపిస్తుందో దానికి కిందికి, తర్వాత ఇంకొంచెం కిందికి."

మత్స్యయంత్రం కథ మనం విన్నట్టుగా అయితే అర్జునుడు కింద నీళ్లలో నీడ చూసి పైన ఉన్న చేపని కొట్టాడు. అది పరావర్తనం, అద్దం లెక్క. చేప నీళ్లలోనే ఉండి ఉంటే ఆయనకీ ఒకటి రెండు బాణాలు పోయేవేమో.

పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. నీటి మీద మెరుపు ఒకే దిశలో ధ్రువణం చెంది ఉంటుంది, ముఖ్యంగా నిలువుకి 53 డిగ్రీల కోణంలో చూసినప్పుడు. ఆ అద్దాలు పెట్టుకుంటే మెరుపు పోయి నీటి లోపల కనిపిస్తుంది. నా మామూలు అద్దాలతో నాకు ఆకాశం మాత్రమే కనిపించింది.

మీసం చూడు

గాలంతో పట్టిన చేపని వదిలేయొచ్చు. బాణంతో కొట్టినదాన్ని వదల్లేం. అన్‌డూ లేదు. కాబట్టి కొట్టేముందే ఏ చేపో తెలియాలి.

ఇల్లినాయ్ నదిలో బిగ్‌మౌత్ బఫెలో అనే స్థానిక చేప ఉంది. బురద నీళ్లలో అచ్చం బంగారు తీగలాగే కనిపిస్తుంది. దాన్ని కూడా పనికిమాలిన చేపగానే లెక్కేసి చాలాచోట్ల కొట్టేస్తుంటారు. అయితే 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, ఈ జాతి చేప ఒకటి 112 ఏళ్లు బతికిందని తేలింది. చెవి ఎముకలో చెట్టు వలయాల్లాంటి గీతలు లెక్కపెట్టి కనుక్కున్నారు. మా నానమ్మకంటే పెద్దది.

తేడా ఎలా తెలుస్తుందంటే, బంగారు తీగకి నోటి పక్కన రెండు జతల మీసాలు ఉంటాయి, బఫెలోకి ఉండవు. సిల్వర్ కార్ప్‌కీ మీసాలు లేవు, కానీ దాని కళ్లు తల మీద బాగా కిందికి, నోటికంటే దిగువన ఉంటాయి. బావ రూలు: మీసమో, కింద ఉన్న కన్నో కనపడకపోతే విల్లు దించేయాలి.

చివరి ఆదివారం నాకు చాలా తేలికైన అవకాశం వచ్చింది. మూడు మీటర్ల దూరం, అడుగు లోతు, పెద్ద చేప, కదలట్లేదు. స్లైడ్ ముందు, బటన్ ఫ్రీ, దారం ఖాళీ, అన్నీ అన్నాను. లాగాను. మీసం కనపడలేదు. నీళ్లు బురదగా ఉన్నాయి. బంగారు తీగే అయ్యుండొచ్చు. నెమ్మదిగా తాడుని వెనక్కి వదిలి విల్లు దించేశా. చేప వెళ్లిపోయింది. బావ ఏమీ అనలేదు, కానీ ఆరోజు తర్వాత బాణాలు సర్దే పని మళ్లీ నాకే ఇచ్చారు.

గంట తర్వాత ఒక సిల్వర్ కార్ప్ దొరికింది. నా మొదటిదీ చివరిదీ. 2022లో ఇల్లినాయ్ రాష్ట్రం వీటికి "కోపి" అని కొత్త పేరు పెట్టింది, జనం తింటారని. ముళ్లు ఎక్కువే, కానీ అక్క పెట్టిన పులుసులో పేరుతో పని లేకపోయింది.

మన దగ్గర?

ఇది చదివి ఎవరూ విల్లు పట్టుకుని ఊరి చెరువు గట్టుకి వెళ్లొద్దు. ఇక్కడ చాలా చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్యకార సంఘాలది, లీజుదార్లది. అక్కడ బొచ్చె, శీలావతి ఎవరో డబ్బు పెట్టి పెంచుకుంటున్నవి. రీలు, స్లైడ్ లేకుండా విల్లుతో చేపలు కొట్టేవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. అండమాన్‌లో జారవాలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి కొడతారు, బాణం తెచ్చుకోవడానికి నడిచి వెళ్తారు. వాళ్లకి అది ఆట కాదు, తిండి. దారం అవసరం మనలాంటి తప్పే వాళ్లకే.

మీరు చేయగలిగింది ఒకటుంది. హాస్టల్ బకెట్ నిండా నీళ్లు పోసి అడుగున రూపాయి బిళ్ల వేయండి. పక్కనుంచి ఏటవాలుగా చూస్తూ, ఒక పొడవాటి పుల్లతో గురి చూసి ఒక్కసారిగా పొడవండి. నెమ్మదిగా దించితే పుల్ల వంగినట్టు కనిపించి మీరు సరిచేసుకుంటారు, అది లెక్కలోకి రాదు. పుల్ల రూపాయిని దాటి అవతల తగులుతుంది. ఎన్నిసార్లకి తగిలిందో క్లబ్ గ్రూపులో పెట్టండి. నాకు పందొమ్మిదోసారి తగిలింది.

ఇంకొక్క మాట. చెవి పక్కనుంచి బాణం వెళ్లిన సంగతి అక్కకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఈ పత్రిక లింకు నేను ఇంట్లో అందరికీ పంపిస్తాను కాబట్టి, బావా, ఈసారి ముందే చెప్తున్నా.